వివరణగ్రంథ రిపాజిటరీల నిర్వహణమునందు షెల్ స్క్రిప్టుల వినియోగము

వ్యాకరణ, న్యాయ, సాహిత్య పాఠములకు నేనును నా శిష్యులును సిద్ధపరచిన వివరణములు నేడు ఏడు వెబ్‌సైటులుగా ఉన్నవి. లఘుకౌముదికి ఒకటి, అమరకోశమునకు ఒకటి, తర్కసంగ్రహమునకు ఒకటి, న్యాయసూత్రములకు ఒకటి, తక్కినవి అలంకార ఛందో జ్యోతిషములకు. ఒక్కొక్క వెబ్‌సైటునకు మూలమైన ఫైళ్లు ఒక్కొక్క రిపాజిటరీయందు ఉండును. రిపాజిటరీ యనగా ఫైళ్ల సముదాయమే కాదు. ఆ ఫైళ్లను ఎవరు, ఎప్పుడు, ఏ విధముగా మార్చిరో ఆ చరిత్రతో కూడిన భాండారము. ఇట్టివి పెక్కు ఉన్నప్పుడు అన్నింటికి సామాన్యమైన మార్పును చేయుటకు షెల్ స్క్రిప్టు ఎట్లు ఉపకరించునో, ఎచ్చట అపకరించునో నా అనుభవము ననుసరించి ఈ వ్యాసమున నిరూపింతును. పాఠశాలలో కౌముది చదివి వచ్చిన వానికి ఈ విషయము పరాయిదిగా తోచనక్కరలేదని నా అభిప్రాయము.

షెల్ అనునది మనము టైపు చేసిన ఆదేశమును గ్రహించి కంప్యూటరుచే దానిని చేయించు ప్రోగ్రాము. ఒక్కొక్క ఆదేశమును చేతితో ఇచ్చుటకు బదులుగా వానిని వరుసగా ఒక ఫైలులో వ్రాసి ఉంచినచో అది షెల్ స్క్రిప్టు. 1969లో బెల్ ల్యాబ్స్‌నందు ఆరంభమైన యూనిక్స్‌కు 1971 నాటికే కెన్ థాంప్సన్ రచించిన షెల్ ఉండెను. 1979లో వెలువడిన యూనిక్స్ సప్తమ సంస్కరణముతో స్టీఫెన్ బోర్న్ షెల్ వచ్చినది. నేడు మనము అధికముగా వాడు బ్యాష్ 1989లో బ్రయన్ ఫాక్స్ గ్నూ సంస్థ కొరకు వ్రాసినది. రిపాజిటరీలను నడపు గిట్ 2005లో లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించినది.

ఇచ్చట విలోమకావ్యప్రియులకు ఒక చిన్న విశేషము. బోర్న్ షెల్‌లో 'ఇఫ్' అని ఆరంభించిన వాక్యము ఆ పదమునే తిరుగవేసిన 'ఫి' తో ముగియును. 'కేస్' అను దానికి 'ఎసాక్' ముగింపు. ఆల్గోల్ 68 అను భాషతో పరిచయము గల బోర్న్ అచ్చటి పద్ధతిని తెచ్చెను. ఆ న్యాయముచే 'డూ' అను ఆవృత్తివాక్యము 'ఓడీ' తో ముగియవలెను. కాని ఆ పేరుతో యూనిక్స్‌లో వేరొక ఆదేశము అప్పటికే ఉండుటచే 'డన్' అని ముగించిరి.

ఇక పూర్వపక్షము. ఏడు రిపాజిటరీలేల? అన్నియు ఒక్కదానియందే ఉంచినచో స్క్రిప్టుతో పనియేమి? ఈ ప్రశ్న సమంజసమే. ఒక్కరే చూచుకొను చిన్న గ్రంథములకు ఒక్క రిపాజిటరీయే మేలు. కాని అమరకోశమును చూచువారు వేరు, న్యాయసూత్రములను చూచువారు వేరు. ఒకరి పనిలో మరియొకరు చేయిపెట్టకుండుటయు, ఒక్కొక్క గ్రంథము యొక్క సంస్కరణచరిత్ర విడిగా నిలుచుటయు మాకు ముఖ్యములు.

దీనికి పెద్ద ఉదాహరణము జర్మనీలోని కొలోన్ విశ్వవిద్యాలయపు సంస్కృతకోశములు. 1994లో ఆరంభమైన ఆ ప్రయత్నము ఫలితముగా 1899 నాటి మోనియర్ విలియమ్స్ కోశము మొదలుకొని అనేక కోశములు నేడు కంప్యూటరుపై లభించుచున్నవి. వాని మూలపాఠములు 'సీఎస్‌ఎల్ ఒరిగ్' అను రిపాజిటరీయందును, మూలపాఠమును సంస్కరించు ప్రోగ్రాములు 'సీఎస్‌ఎల్ పైవర్క్' నందును, పాఠకునికి చూపు ప్రోగ్రాములు 'సీఎస్‌ఎల్ వెబ్‌శాన్‌లెక్సికన్' నందును విడివిడిగా ఉన్నవి. ఈ మూడింటిని కలిపి ఒక కోశమును సిద్ధపరచునది ఒక షెల్ స్క్రిప్టు. కోశము యొక్క సంకేతనామమును, ఫలితమును ఉంచవలసిన చోటును చెప్పినచో అది మూలపాఠమునుండి శీర్షపదముల పట్టికను, పిదప ఎక్స్‌ఎంఎల్ రూపమును, ప్రదర్శనమునకు కావలసిన తక్కిన ఫైళ్లను క్రమముగా నిర్మించును. మోనియర్ విలియమ్స్‌కు ఏ స్క్రిప్టో ఆప్టే కోశమునకును అదియే. మూడు రిపాజిటరీలును ఒకే ఫోల్డరులో ప్రక్కప్రక్కన ఉండవలెనని మాత్రము నియమము. స్క్రిప్టు పొరుగింటి తలుపును 'ఒక మెట్టు పైకి పోయి ఇటు తిరుగుము' అన్నట్లు వెదకును గాని ఊరి పేరుతో వెదకదు. ఈ నియమమును గుర్తుంచుకొనవలెను. మా ఇంట జరిగిన అనర్థమునకు మూలము ఇట్టిదే.

మా వివరణములలో 'పా.' అను సంకేతము మొదట రెండర్థములలో ఉండెను. వ్యాకరణమునందు పాణినీయసూత్రమని, తక్కిన చోట్ల పాఠాంతరమని. దీనిని తొలగింపదలచి కొన్నేండ్ల క్రిందట 'పా.' అనగా అన్నింటను పాణినీయమే, పాఠాంతరమునకు 'పాఠాం.' అని నిర్ణయించితిమి. ఏడు రిపాజిటరీలలోను సంకేతసూచిని మార్చి, పాఠాంతరసంకేతములను సవరించి, చరిత్రలో నమోదు చేసి, వెబ్‌సైటులకు పంపుటకు నేనే ఒక స్క్రిప్టు వ్రాసితిని. అదృష్టవశమున వ్యాకరణగ్రంథమును సవరణనుండి మినహాయించుట మరువలేదు. స్క్రిప్టు నడచినది. చివర 'ఏడును ముగిసినవి' అను పంక్తి తెరపై కనబడినది. మరునాడు తరగతిలో క్రొత్త సంకేతమును ప్రకటించితిని.

కొన్ని మాసముల పిమ్మట ఒక పరిశోధకవిద్యార్థి తన సిద్ధాంతవ్యాసమున ప్రమాణపరీక్షను చర్చించుచు 'పాణినీయసూత్రము 2.1.17' అని ఉదాహరించెను. వాచికపరీక్షలో పరీక్షకుడు, అష్టాధ్యాయిలో ఆ సంఖ్య గల సూత్రము అవ్యయీభావసమాసమునకు చెందినది గదా, ప్రమాణచర్చతో దానికేమి సంబంధము అని ప్రశ్నించెను. విద్యార్థికి సమాధానము దొరకలేదు. అతడు చూచినది మా న్యాయసూత్ర వివరణము. అచ్చట 'పా. 2.1.17' అనగా ద్వితీయాధ్యాయ ప్రథమాహ్నిక సప్తదశసూత్రమునకు పాఠాంతరము. న్యాయసూత్రములకును అష్టాధ్యాయికిని సంఖ్యలు మూడేసి యగుటచే భేదము కంటికి తోచదు. అతడు నా మాటను నమ్మి 'పా.' అనగా పాణినీయమే యనుకొనెను. న్యాయసూత్ర వెబ్‌సైటున పాత సంకేతమే నిలిచియుండెను. దోషము నాదని పరీక్షకునికి లేఖ వ్రాసితిని. విద్యార్థి ఆనాడు పడిన లజ్జను మాత్రము లేఖ తుడిచివేయలేదు.

కారణము విచారింపగా తేలినది ఇది. స్క్రిప్టులో ఏడు ఫోల్డరుల పేర్లు వరుసగా ఉన్నవి. ఒక్కొక్క పేరునకు 'సీడీ' అను ఆదేశముచే ఆ ఫోల్డరులోనికి ప్రవేశించి, పని ముగించి, మరల 'సీడీ' తో ఒక మెట్టు పైకి వచ్చుట పద్ధతి. మూడవదియగు తర్కము అను ఫోల్డరు పేరును ఎవరో తర్కసంగ్రహము అని మార్చియుండిరి. 'సీడీ' విఫలమయ్యెను. షెల్ ఒక దోషవాక్యమును తెరపై వ్రాసి, తరువాతి ఆదేశమునకు సాగెను. అప్పుడు అది ఏ ఫోల్డరులోను లేదు, బయటనే ఉన్నది. అచ్చటనే సంకేతసూచిని ప్రతి చేసెను. అది రిపాజిటరీ కాకపోవుటచే గిట్ నమోదును నిరాకరించెను. పిదప 'ఒక మెట్టు పైకి' అను ఆదేశము వచ్చెను. ఇంతకుముందే బయట ఉన్న షెల్ ఇంకను పైకి పోయెను. అచ్చటనుండి నాలుగవదియగు న్యాయము కనబడదు, ఐదవది కనబడదు, ఏదియు కనబడదు. ప్రతి విఫలతకును ఇంకొక మెట్టు పైకి పోవుచు స్క్రిప్టు తుదిపంక్తికి చేరి, సంతోషముగా 'ఏడును ముగిసినవి' అని పలికెను. నవీకరింపబడినవి రెండే. నడుమ కనబడిన దోషవాక్యములు వందలాది పంక్తులలో కలిసిపోయినవి. నేను తుదిపంక్తిని మాత్రము చూచితిని.

తాళపత్రములను ప్రతి చేసిన లేఖకులు, చూచినట్లే వ్రాసితిమి, దోషమున్న మమ్ము నిందింపకుడు అని గ్రంథాంతమున చెప్పుకొనుట మనకు తెలిసినదే. షెల్ అట్టి లేఖకుడే. అయినను ఆ లేఖకునికి ఒక తాటియాకు తప్పిపోయినచో ఆగి వెదకు బుద్ధియైనను ఉండెను. షెల్‌కు అదియు మనమే చెప్పవలెను.

చెప్పు మార్గములు మూడు నాకు తెలిసినవి. మొదటిది, 'సీడీ' పిదప రెండు నిలువుగీతలను ఉంచి 'ఎగ్జిట్' అని వ్రాయుట. ప్రవేశము విఫలమైనచో స్క్రిప్టు అంతటితో నిలిచిపోవునని అర్థము. రెండవది, ఒక్కొక్క గ్రంథపు పనినంతను కుండలీకరణములలో ఉంచుట. కుండలీకరణములలో జరిగిన స్థానచలనము వాని వెలుపలికి వర్తింపదు. అధికారసూత్రమునకు అవధి నిర్ణయించినట్లు 'సీడీ' ప్రభావమునకు అవధి ఏర్పడును. మూడవది నాకు మిక్కిలి ఇష్టమైనది. అసలు ప్రవేశింపనే వద్దు. గిట్‌నందు పెద్ద 'సీ' అను అక్షరముతో ఒక ఐచ్ఛికము 2013లో వెలువడిన 1.8.5 సంస్కరణమునుండి కలదు. దానితో 'ఫలానా ఫోల్డరునందు ఈ పని చేయుము' అని బయటనుండియే చెప్పవచ్చును. తాను ఎచ్చట ఉన్నాడో మరచిపోవు అవకాశమే లేదు.

తరువాతి విషయము పదచ్ఛేదము. న్యాయసూత్రములు అని ఒకటిగా వ్రాయవలసిన ఫోల్డరు పేరును ఒకరు న్యాయ, సూత్రములు అని నడుమ ఖాళీతో వ్రాసిరనుకొందము. షెల్ ఖాళీని చూచినంతనే పదమును విరుచును. చరమునందు ఆ పేరు ఉంచి, స్క్రిప్టులో దానిని వట్టిగా వాడినచో న్యాయ అను ఫోల్డరు ఒకటి, సూత్రములు అను ఫోల్డరు వేరొకటి అని గ్రహించును. రెండును లేవు. చరమునకు ఇరువైపుల జంట ఉద్ధరణచిహ్నములు ఉంచినచో పేరు ఎన్ని ఖాళీలతో ఉన్నను ఒక్క పదముగనే నిలుచును. సమాసమున ఐకపద్యము కలిగినట్లు! ఉద్ధరణచిహ్నములు అలంకారమునకు గాదు, అర్థభేదమునకు కారణములని విద్యార్థులకు నేను మొదటిదినముననే చెప్పుదును. పాణినీయులకు ఈ సంగతి బోధించుట సులభము. కంప్యూటరు శాస్త్రము చదివినవారే దీనిని మరచుట చూచితిని.

దీనికంటె భయంకరమైనది శూన్యచరము. 2015 జనవరిలో లినక్స్‌పై నడచు స్టీమ్ అను క్రీడాసాధనముతో వచ్చు షెల్ స్క్రిప్టులో ఒక దోషము వెల్లడియయ్యెను. అందు ఒక చరమునందు స్టీమ్ ఉన్న ఫోల్డరు పేరు ఉండవలెను. ఆ ఫోల్డరులోని సమస్తమును తొలగింపుము అని ఆదేశము, చరము పిదప ఒక వాలుగీత. ఒకానొక స్థితియందు ఆ చరము శూన్యమయ్యెను. మిగిలినది వాలుగీత మాత్రమే. యూనిక్స్ సంప్రదాయమున వట్టి వాలుగీతకు అర్థము కంప్యూటరులోని సమస్త ఫైళ్లకు మూలస్థానము. వాడుకరికి తొలగించు అధికారమున్న ఫైళ్లన్నియు పోవుట ఆరంభమయ్యెను. వ్రాసినవానికే భయము తోచినట్లు ఆ పంక్తికి పైని ఒక హెచ్చరిక వ్యాఖ్యయు ఉండెను. హెచ్చరిక మనుష్యులకు. షెల్ దానిని చదువదు.

ఇచ్చట న్యాయశాస్త్రజ్ఞులు గమనింపవలసిన సూక్ష్మభేదము కలదు. ఎన్నడును నిర్వచింపబడని చరము వేరు, నిర్వచింపబడియు శూన్యమైన చరము వేరు. స్క్రిప్టు మొదట 'సెట్' అను ఆదేశమునకు 'యు' అను ఐచ్ఛికమును చేర్చినచో మొదటి విధమైన చరము ఎదురైనంతనే స్క్రిప్టు నిలుచును. రెండవ దానిని అది పట్టుకొనదు. లోపము పొందిన ప్రత్యయము కనబడకపోయినను అసలు విహితమే కాని ప్రత్యయముతో సమానము కాదు గదా. శూన్యమును పట్టుకొనుటకు చరము పేరు పిదప కుండలీకరణమునందే రెండు చుక్కలును ప్రశ్నార్థకమును ఉంచు వేరొక విధానము కలదు. తొలగింపునకు సంబంధించిన పంక్తి యేదైనను ఈ రక్షణ లేనిదే మా స్క్రిప్టులలో నేడు ఉండదు.

'సెట్' ఆదేశమునకే 'ఈ' అను ఐచ్ఛికము కూడ కలదు. దోషము కలిగిన చోటనే స్క్రిప్టు ఆగవలెనని దాని భావము. చాలమంది దీనిని వ్రాసి నిశ్చింతగా నిద్రించుదురు. ఇది ఉత్సర్గము మాత్రమే, అపవాదములు కలవు. 'ఇఫ్' పిదప పరీక్షింపబడు ఆదేశము విఫలమైనచో స్క్రిప్టు ఆగదు. అట్లు ఆగినచో పరీక్షయే అసాధ్యము. రెండు నిలువుగీతలకు ఎడమవైపున ఉన్న ఆదేశమునకును ఇదియే గతి. ఇంకొక చిక్కు. ఆదేశము ముగిసినపుడు అది ఒక సంఖ్యను తెలుపును. సున్న యనగా దోషాభావము, తక్కిన సంఖ్య దోషసూచకము. పదములను వెదకు 'గ్రెప్' అను ఆదేశము, వెదకిన పదము లభింపనిచో ఒకటి అను సంఖ్యను, వెదకుటయందే దోషము కలిగినచో రెండు అను సంఖ్యను తెలుపును. పాత సంకేతము ఎచ్చటనైన మిగిలియున్నదా యని మేము వెదకుదుము. లభింపకపోవుటయే మాకు శుభవార్త. కాని 'ఈ' ఐచ్ఛికము ఆ శుభవార్తనే దోషముగా గ్రహించి స్క్రిప్టును ఆపివేయును. అనుపలబ్ధి వేరు, ఇంద్రియదోషము వేరు అని షెల్‌కు విడమరచి చెప్పక తప్పదు. ఒకటికిని రెండునకును భేదము చూపి వ్రాయవలెను.

ఇక స్క్రిప్టు నిర్మాణము గురించి. నేను మొదట చేసిన తప్పు ఏడు పేర్లను స్క్రిప్టునందే వ్రాయుట. పాణిని గణములోని శబ్దములన్నింటిని సూత్రమునందు చేర్చలేదు. మొదటి శబ్దమును సూత్రమున చెప్పి తక్కినవానిని గణపాఠమునకు విడిచిపెట్టెను. మేమును ఇప్పుడు రిపాజిటరీల పేర్లను ఒక ప్రత్యేకమైన ఫైలున పంక్తికొకటిగా ఉంచితిమి. స్క్రిప్టు దానిని చదువును. మొదట ఆ పట్టికలోని ఫోల్డరులన్నియు ఉన్నవా, ప్రతిదానియందు నమోదు కాని మార్పులు ఏవైనను మిగిలియున్నవా అని పరిశీలించును. ఒక్కచోట లోపమున్నను ఏ రిపాజిటరీయందును ఏమియు మార్పక నిలిచిపోవును. సగము పని జరుగుటకంటె జరుగకపోవుటయే మాకు క్షేమము. న్యాయసూత్రముల విషయమున నేర్చుకొన్నది ఇదియే.

ఒకే స్క్రిప్టును రెండుసారులు నడిపినను ఫలితము ఒకటిగా ఉండవలెను. ఒక లక్ష్యమునందు ఒక లక్షణము ఒక్కసారియే ప్రవర్తించునని వైయాకరణులు చెప్పుదురు. షెల్‌కు ఆ పరిభాష లేదు. 'పా' అను అక్షరమునకు బదులుగా 'పాఠాం' అని ఉంచుమనినచో రెండవసారి నడిపినపుడు 'పాఠాంఠాం' అగును. చుక్కతో కూడిన 'పా.' అనినచో ఆ ప్రమాదము లేదు. ఏలయన 'పాఠాం.' నందు 'పా' పిదప చుక్క రాదు. అయితే 'సెడ్' అను సవరణసాధనమునకు వట్టి చుక్క ఏ అక్షరమునకైనను సంకేతము! చుక్కకు ముందు వెనుకకు వాలిన గీతను ఉంచి, ఇది చుక్కయే సుమా అని చెప్పవలెను. దీనిని మరచి ఒకసారి ఛందోగ్రంథమున పాదములన్నింటిని పాడుచేసితిని. నమోదునకు ముందు భేదములను చూచుటచే బయటపడితిని.

వెబ్‌సైటున కనబడు పుటలు మూలఫైళ్లనుండి నిర్మింపబడునవి. కొందరు సహాధ్యాపకులు తొందరలో నిర్మితపుటనే చేతితో దిద్దుదురు. మరుదినము స్క్రిప్టు నడచినంతనే ఆ దిద్దుబాటు పోవును. త్రిపాదిలోని కార్యము సపాదసప్తాధ్యాయి దృష్టిలో అసిద్ధమైనట్లు, నిర్మితపుటలోని దిద్దుబాటు నిర్మాణప్రోగ్రాము దృష్టిలో లేనట్లే. కొలోన్ కోశములయందును సవరణ మూలపాఠముననే జరుగవలెను. ఇది తెలిసిన పిదప మా వారి ఫిర్యాదులు తగ్గినవి గాని పూర్తిగా పోలేదు.

కళాశాలలలో విండోస్ కంప్యూటర్లే అధికము. వానియందు గిట్‌ను స్థాపించినపుడు దానితోడనే గిట్ బ్యాష్ వచ్చును. ఇచ్చట చెప్పినవన్నియు అందు నడచును. విండోస్ సాధనములతో స్క్రిప్టును వ్రాసినపుడు ప్రతి పంక్తి చివర కంటికి కనబడని ఒక అధికచిహ్నము చేరవచ్చును. సరిగా ఉన్న స్క్రిప్టు అకారణముగా విఫలమైనచో మొదట దానిని శంకింపుడు. స్క్రిప్టును ఎడిట్ చేయు సాధనమున పంక్త్యంతమును యూనిక్స్ పద్ధతికి మార్చుకొనిన చాలును.

మా స్క్రిప్టు నేడు రెండు దశలుగా నడచును. మొదటి దశలో ఏ మార్పును చేయక, ఏ రిపాజిటరీయందు ఏ పంక్తులు మారబోవునో మాత్రము చూపును. దానిని ఆ గ్రంథమును చూచు అధ్యాపకుడు చదివి అంగీకరించిన పిదపనే రెండవ దశ. చివర 'ముగిసినవి' అను వట్టి మాట లేదు. ఒక్కొక్క రిపాజిటరీ పేరు, అందు మారిన ఫైళ్ల సంఖ్య, నమోదు గుర్తు, పాత సంకేతము ఇంకను ఎన్ని చోట్ల మిగిలినదో ఆ సంఖ్య వరుసగా వచ్చును. న్యాయసూత్రముల ఎదుట చివరి గడిలో సున్న కనబడిన దినమున, ఆ విద్యార్థిని పిలిపించి ఆ పంక్తిని చూపితిని. అతడు ఇప్పుడు మీమాంసాసూత్రములకు ఎనిమిదవ రిపాజిటరీని సిద్ధపరచుచున్నాడు. పట్టికలో ఆ పేరును తానే వ్రాసెను, నడుమ ఖాళీ లేకుండ.